మా అక్క బరువు సంగతి

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది. రాత్రి స్టడీ అవర్ అయ్యాక తీరిగ్గా చదవండి. అక్కకు చదివి వినిపించి, ఆమె సరే అన్నాకే పెడుతున్నాం. "నా పేరు రాయకుండ్రి, నా కిలోలు రాసుకోండ్రి" అన్నది.

మేము అంటే ఇద్దరం. నారాయణఖేడ్ వైపు ఒకటే తండా, సంగారెడ్డిలో ఒకటే హాస్టల్, ఒకటే రూము. ఒకరికి ఆమె సొంత అక్క, ఇంకొకరికి వరసకు అక్క. మా రెండిళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే ముందు. అందుకని దవాఖాన, బ్యాంకు, మీసేవ, ఏ కాగితం పని పడ్డా ఫోను మాకే వస్తది. మీలో చాలామందికి ఇదే డ్యూటీ ఉంటదని తెలుసు.

అక్క, బావ ఇస్నాపూర్‌లో కిరాయి రూములో ఉంటారు. బావకు పాశమైలారంలో ఒక కంపెనీలో లోడింగ్ పని, అక్కకు ఇంకో కంపెనీలో ప్యాకింగ్. ఇద్దరివీ కాంట్రాక్టు పనులే. (ఈఎస్ఐ కార్డు కోసం తిరిగిన తిరుగుడు వేరే పోస్టులో రాస్తాం, అదొక రామాయణం.)

ఐదో నెల చెకప్‌కు బావకు సెలవు దొరకలేదు, మేం తోడు పోయాం. ఏ దవాఖానో పేరు రాయం. రాస్తే మాటంతా ఆ ఒక్క బిల్డింగు మీదికే పోతది. చలికాలం. అక్క పొద్దున షిఫ్టు సగంలో వదిలేసి, క్యాంటీన్లో అన్నం తిని, స్వెటర్ మీదనే వచ్చింది. లైన్లో రెండు గంటలు నిలబడ్డాక కాంటా ఎక్కించారు. 60 కిలోల 500 గ్రాములు. కార్డులో పోయిన నెలది 56 ఉంది.

మేడమ్ కార్డు చూసి, అక్కను కింది నుంచి మీదికి చూసింది. "నెలకు నాలుగున్నర కిలోలా? ఏం తింటున్నవమ్మా, బియ్యం బస్తా తింటున్నవా? ఇట్ల పెరిగితే రేపు ఆపరేషన్ బల్ల మీదికి నిన్ను ఎవరు ఎత్తుతరు? మీ తండావాళ్ళకు ఎంత చెప్పినా ఇంతే." వెనక లైన్లో ఎవరో నవ్వారు. నర్సు కూడా నవ్వింది. అక్క కూడా నవ్వింది, అదే మాకు అన్నిటికంటే కష్టమనిపించింది. మేం కార్డు కవరు పట్టుకుని పక్కనే ఉన్నాం. మా ఇద్దరిలో ఒకరికి కాలేజీ వక్తృత్వ పోటీలో ఫస్ట్ ప్రైజు వచ్చింది. ఆ రోజు మా నోట్లోంచి వచ్చింది "ఓకే మేడమ్" అన్న రెండు ముక్కలే.

బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాం. యాడి తండా నుంచి పంపిన డబ్బా ఉంది. జొన్న బాటి, పల్లీల చట్నీ. అక్క డబ్బా మా ముందుకు తోసింది. "మీరు తినుండ్రి. నేను తింటే మళ్ళ పెరుగుత." మాకు ఆకలిగా ఉండె. తిన్నాం. బస్సులో సీటు దొరికితే ఆమెను నవ్వించుదామని "అక్కా, నీకు రెండు టికెట్లు కొట్టాలేమో" అని కూడా అన్నాం. అప్పుడూ నవ్వింది.

ఆరో నెలలో ఫోను చేస్తే "పోయొచ్చిన, అంతా మంచిగనే ఉందన్నరు" అన్నది. పోలేదు. పొద్దున టీలో రస్కు, పగలు ఏమీ లేదు, రాత్రి కొంచెం అన్నం. కాంటా మీద తగ్గి కనపడితే అప్పుడు పోదామనుకుందట. ఒకరోజు ప్యాకింగ్ టేబుల్ దగ్గర కళ్ళు తిరిగి కూలబడితే లైన్ ఇన్‌ఛార్జి ఇంటికి పంపించేసిండు. అట్లా మాకు తెలిసింది.

ఆ ఆదివారం ఇస్నాపూర్ పోయి కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాం. తల్లీబిడ్డల కార్డు మీరు ఎప్పుడైనా పూర్తిగా చదివారా? మేం అప్పటిదాకా చదవలేదు. పట్టుకుని నిలబడడమే మా పని అనుకున్నాం. మూడో నెల 53, నాలుగో నెల 56, ఐదో నెల 60న్నర. మూడు నెలలకు ముందు ఎంత? కార్డులో లేదు. అక్కకూ తెలీదు. బావ ట్రంకు పెట్టె వెతికితే కంపెనీలో చేరేటప్పుడు తీసిన మెడికల్ కాగితం దొరికింది. కడుపు రాకముందు 56 కిలోలు, ఎత్తు 150 సెంటీమీటర్లు. అంటే మొదటి మూడు నెలల వాంతులకు మూడు కిలోలు పోయినయి, నాలుగో నెలలో అవే తిరిగొచ్చినయి. కార్డు మాత్రం 53 నుంచి మొదలైంది. ఆమె స్వెటర్, చెప్పులు కిరాణా కొట్టు కాంటా మీద పెడితే కిలోకు దగ్గర పడ్డాయి. కొట్టతను మమ్మల్ని వింతగా చూసిండు. పైగా ముందు తూకాలు తండా సబ్ సెంటర్ కాంటా మీదివి, ఇది వేరే కాంటా, అదీ అన్నం తిన్నాక. ఇవన్నీ తీసేస్తే అసలు పెరిగింది మూడు, మూడున్నర కిలోలు. ఐదో నెలకు అది ఎక్కువేమీ కాదు.

ఇక్కడిదాకా వచ్చాక మాకు మస్తు కోపమొచ్చింది. మేడమ్‌దే తప్పు, మేం గెలిచాం అనిపించింది. అప్పుడే కార్డు పేజీ మూలన గొలుసు రాతలో ఏదో కనపడింది. ఫోటో తీసి నర్సింగ్ చదివే మా సీనియర్ అక్కకు పంపితే చదివి చెప్పింది. అది గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష. మేడమ్ ఆ రోజే రాసింది. నోటితో చెప్పిందో లేదో మాకు గుర్తు లేదు. బియ్యం బస్తా మాట తర్వాత మా ముగ్గురి చెవుల్లో ఇంకేదీ పడలేదు.

గర్భిణి బరువు ఒక నెలలో మూడు కిలోలు దాటి పెరిగితే అనుమానించాలని మన ఏఎన్ఎమ్‌లకు ఇచ్చే సర్కారు మార్గదర్శకాల్లోనే ఉంది. బీపీ చూడాలి, మూత్రంలో ప్రొటీన్, షుగర్ చూడాలి, కవలలేమో చూడాలి. కాంటా మీద కనపడిన దాన్ని బట్టి మేడమ్ అనుమానం న్యాయమైనదే, రాసిన పరీక్ష కూడా సరైనదే. ఆ పరీక్ష చేయించకుండానే రెండు నెలలు పోయాయి.

ఏడో నెలలో 9వ తారీఖు చూసి వేరే చోటికి తీసుకుపోయాం. ప్రతి నెల 9న సర్కారు దవాఖానల్లో గర్భిణులకు ప్రత్యేకంగా చూస్తారు, 2016 నుంచి ఉంది ఈ పద్ధతి. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి రెండు గంటలకు రక్తం తీశారు. 140 వస్తే గర్భంలో వచ్చే షుగర్ కింద లెక్క. అక్కకు 158. హిమోగ్లోబిన్ 9.4. కడుపుతో ఉన్నవాళ్ళకు 11కు తగ్గొద్దు. బరువు 62న్నర.

బరువు ఎక్కువైందని తిట్టు తిన్న మనిషికి రక్తం తక్కువ. మాకు మొదట అర్థం కాలేదు. మన ఆడవాళ్ళ గురించి గోడల మీద ఎప్పుడూ ఒకటే బొమ్మ కదా, బక్కగా, రక్తం లేక. ఉట్నూరు వైపు ఇప్పపువ్వు లడ్డూలు, అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, అన్నీ ఆ బొమ్మను చూసి వచ్చినవే, అవసరమైనవే. లావుగా ఉండి కూడా రక్తం లేని తండా మనిషి ఆ బొమ్మలో లేదు. ఆమె ఇస్నాపూర్‌లో కిరాయి రూములో ఉంటది.

తండాలో ఉన్నప్పుడు అక్క రెండు పూటలా బాటి, పప్పు, చింతచిగురో గోంగూరో, పండక్కి సలోయి తినేది, పొద్దంతా చేనులో వంగి లేచేది. ఇక్కడ మూడు పూటలా తెల్లన్నం, ఆలుగడ్డ కూర, షిఫ్టులో నిద్ర రాకుండా నాలుగైదు చక్కెర టీలు, బిస్కెట్ పుడ. ఎనిమిది గంటలు ఒకే టేబుల్ దగ్గర. ఆరోగ్యలక్ష్మి భోజనం 2015 నుంచి ఉంది, కానీ అది మధ్యాహ్నం అంగన్‌వాడీకి పోయి అక్కడే కూర్చుని తినాలి. ఆ టైముకు అక్క డ్యూటీలో ఉంటది, పేరేమో తండాలో ఉంది. ఐరన్ గోలీ రోజూ వేసుకునేది, టీతో. టీ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనియ్యదని ఎవరూ చెప్పలేదు. పటాన్‌చెరు పోయే దారిలో ఇక్రిశాట్ గేటు రోజూ చూస్తాం. 1972లో పెట్టిన ఆ సంస్థలో జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లీల మీద పని. అక్కడివాళ్ళు గిరిజన సంక్షేమ శాఖతో కలిసి ఐటీడీఏ ఊళ్ళకు గిరి పోషణ అని చిరుధాన్యాల తిండి కూడా పంపారు. ఆ గేటు ముందునుంచే కంపెనీ బస్సుల్లో మనవాళ్ళు బాటి మానేసి బిస్కెట్ తింటూ పోతున్నారు. నవ్వాలో ఏడ్వాలో తెలీదు.

యాడికి ఫోనులో చెప్తే ఒప్పుకోలేదు. "లావైతే తప్పేంది? నేను బక్కగ ఉండబట్టే మొదటి కాన్పు దక్కలే" అన్నది. ఆమెకు బరువంటే బతికిన బిడ్డ. అందుకే నెలనెలా నెయ్యి, బెల్లం పంపింది. ఒక పక్క యాడి ఇద్దరి తిండి తినమంటది, ఇంకో పక్క మేడమ్ నోరు కట్టుకోమంటది. మధ్యలో అక్క టీలో రస్కు ముంచుకుని కూర్చుంది.

9వ తారీఖున చూసిన నర్సమ్మ మాటలు చాలా మామూలుగా ఉండె. "తగ్గించకు బిడ్డా, మార్చు" అన్నది. అన్నం ఒక పూటకు దించి మిగతా జొన్న రొట్టె. టీలో చక్కెర బంద్. రోజూ గుడ్డు, పప్పు, ఆకుకూర. తిన్నాక కొంచెంసేపు నడక. ఐరన్ గోలీ నిమ్మకాయ నీళ్ళతో, క్యాల్షియం గోలీ వేరే టైముకు. పస్తు ఉండొద్దని రెండుసార్లు చెప్పింది. పెరిగే బరువులో బిడ్డ మూడు కిలోలు, మాయ అరకిలో పైన, ఉమ్మనీరు కిలోకు దగ్గర, గర్భసంచి ఇంకో కిలో, పెరిగే రక్తం కిలోన్నర దాకా అని వేళ్ళ మీద లెక్క చెప్పింది. అక్క ఆ లెక్క మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. అంతకుముందు నాలుగున్నర కిలోలూ తన తిండిపోతుతనమే అనుకున్న మనిషి.

ఎంత పెరగొచ్చన్నది కూడా అందరికీ ఒకటే కాదు. మన దేశంలో మామూలుగా 10 నుంచి 12 కిలోలు అంటారు. అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన పట్టికలో ముందునుంచి బక్కగా ఉన్నవాళ్ళకు 12.5 నుంచి 18, మామూలుగా ఉన్నవాళ్ళకు 11.5 నుంచి 16, కొంచెం ఎక్కువున్నవాళ్ళకు 7 నుంచి 11.5, బాగా ఎక్కువున్నవాళ్ళకు 5 నుంచి 9. అక్క బీఎంఐ 24.9. ఆ పట్టికలో మామూలు మనిషి. మన దేశం లెక్కలో 23 దాటితే ఎక్కువ బరువే, అక్కడ కొంచెం ఎక్కువున్న మనిషి. ఒకటే ఒళ్ళు, రెండు వరసలు. అందుకే మీ అక్కలకు, వదినలకు కడుపు రాగానే, వీలైతే ముందే, బరువు, ఎత్తు రాసి పెట్టండి. ప్రతిసారి ఒకటే కాంటా, చెప్పులు విప్పి. ఇంకొకటి, ఉన్నట్టుండి బరువు పెరిగి మొహం, చేతులు ఉబ్బితే, తలనొప్పి వచ్చి కళ్ళు మసకబారితే, బీపీ 140/90 దాటితే, అది తిండి సంగతి కాదు. నెల చెకప్ దాకా ఆగకుండా అదే రోజు దవాఖానకు తీసుకుపోండి. తిడతారని అస్సలు ఆగొద్దు.

రెండు వారాలకు తిన్నాక చూసిన షుగర్ 114. 120కి లోపల ఉండాలి, కాబట్టి మందు వద్దన్నారు, తిండి, నడక ఇట్లాగే నడవనీయమన్నారు. ఆ రెండు వారాలు బావ షిఫ్టు అయిపోయి వచ్చి రాత్రి పది గంటలకు అక్కతో కాలనీలో నడిచిండు. కుక్కలు వెంటపడ్డ రోజు ఇద్దరూ ఎక్కువ నడిచిన్రట.

ఇప్పుడు తొమ్మిదో నెల. కాన్పు మొదటి దవాఖానలోనే, అదే రూముకు దగ్గర. అక్కడికి మళ్ళీ పోవాలంటే అక్క రెండు రోజులు సాగదీసింది. మేం ఈసారి నోటు బుక్కులో ప్రశ్నలు రాసుకుని, రాత్రి రూములో ఒకరు డాక్టరు, ఒకరు అక్క అయి రిహార్సల్ కూడా చేసుకున్నాం. తీరా అక్కడ మా అవసరం పడలేదు. కాంటా మీద 65. మేడమ్ కార్డు అందుకుని నోరు తెరవకముందే అక్క మెల్లగా అన్నది. "మేడమ్, బరువు చెప్పుండ్రి, బీపీ చెప్పుండ్రి, ఏం చేయాల్నో చెప్పుండ్రి, చేస్త. పోయినసారి లెక్క తిట్టకుండ్రి. తిడితే నాకు ఏం యాదికుండదు."

మేడమ్ తలెత్తి చూసింది. నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎవరు తిట్టిన్రమ్మా?" అన్నది.

గుర్తు లేదు ఆమెకు. బయట లైన్లో ఇంకా డెబ్బై, ఎనభై మంది ఉన్నారు. అక్క ఏమీ అనలేదు. మేడమ్ బీపీ చూసి 110/70 అని పైకి చదివింది, బిడ్డ తల కిందికి తిరిగిందని చెప్పింది, షుగర్ కాగితాలు ఒక్కొక్కటి చూసి కార్డులో ఎక్కించింది. ఈసారి రాత కొంచెం అర్థమయ్యేట్టే ఉంది.

బస్సు ఎక్కాక అక్క యాడి పంపిన డబ్బా తీసింది. మాకు చెరొక ముక్క ఇచ్చింది, అంతే. ఇస్నాపూర్ చౌరస్తా రాకముందే డబ్బా ఖాళీ.