సారీ గార్డ్ ఉంచాల్నా, తియ్యాల్నా?

బండి ముందుభాగానికీ ఇంజన్‌కీ వేసే ప్లాస్టిక్ తొడుగును ఫెయిరింగ్ అంటారు. ఆ తొడుగు లేకుండా ఇంజన్, ఫ్రేము, పైపులు అన్నీ బయటికి కనబడే బండి నేకెడ్ బైక్. పేరు కొత్తదేగానీ సరుకు పాతదే. మా బాపు తరం మోజుపడ్డ యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 అన్నీ నేకెడ్ బండ్లే. అప్పట్లో రోడ్డు మీద ఇంకో రకం కనబడేది కాదు కాబట్టి వాటికి ఆ పేరు అవసరం పడలేదు. బట్టలు కట్టుకోవడం మొదలయ్యాకే కదా, బట్టల్లేకపోవడానికి ఒక పేరు పుట్టేది!

మారింది బలం. 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100 ఇంజన్ 98 సీసీ, 11 హార్స్‌పవర్. ఆ పదకొండు కోసమే కరీంనగర్, జగిత్యాల దిక్కు పిలగాండ్లు ఇప్పటికీ పాత బండ్లు వెతికి, రంగులేయించి, కన్నబిడ్డల్లా చూసుకుంటారు. అంతకు రెండేళ్ల ముందు, 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 అయితే అప్పటి లెక్కలో రాక్షసి. రెండు సిలిండర్లు, 30 హార్స్‌పవర్. దాని పెట్రోలు దాహాన్ని అప్పటి ఇండ్లు మోయలేకపోయాయి. ఈ మధ్య వచ్చిన కేటీఎం డ్యూక్ 390కి 46 పీఎస్ ఉంది. పీఎస్ అన్నా ఇంచుమించు హార్స్‌పవరే. అంటే ఆ రాక్షసికి ఒకటిన్నర రెట్లు. దాన్ని ఈఎంఐ మీద, ఆధార్ కార్డూ మూడు నెలల జీతం స్లిప్పులూ చూపించి ఇంటికి తెచ్చుకోవచ్చు.

నా ఉద్యోగం ఆదిలాబాద్‌లో, ఇల్లు కరీంనగర్‌లో. బాపు పోయినప్పటి నుంచి ఇంట్లో అమ్మ ఒక్కతే. శనివారం సాయంత్రం బయల్దేరి, సోమవారం పొద్దున మళ్లీ డ్యూటీలో ఉండాలి. ఎటు పోయినా రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఒక దారి కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి నిర్మల్ దాటేది. ఇంకొకటి ధర్మపురి, రాయపట్నం వంతెన, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి మీదుగా పోయేది. మొదటిది ఆర్మూర్ దాటాక నాలుగు వరసల రోడ్డు, మనసు లేనిది. రెండోది కవ్వాల్ అడవి అంచునుంచి పోతుంది. మలుపులూ స్పీడ్ బ్రేకర్లూ ఎక్కువ. సాయంత్రమైతే మేకలూ పశువులూ ఇండ్లకు మళ్లుతుంటాయి, వాటికి హారన్‌తో పనిలేదు.

కాబట్టి నాక్కావలసిన బండికి రెండు పనులున్నాయి. ఒకటి, నన్నొక్కణ్ని రెండు వందల కిలోమీటర్లు మోయడం. రెండు, ఆదివారం అమ్మను ఎక్కించుకుని మార్కెట్‌కో, చిన్నమ్మ వాళ్లింటికో, ఒక్కోసారి ధర్మపురి నరసింహస్వామి దగ్గరికో తీసుకపోవడం. ఈ రెండో పని సంగతి ఏ బ్రోచర్‌లోనూ ఉండదు.

షోరూమ్ టెస్ట్ రైడ్ అంటే ఏమిటో తెలిసిందే. లైసెన్స్ జిరాక్స్ తీసుకుంటారు, సంతకం పెట్టించుకుంటారు, సేల్స్ తమ్ముడు వెనక కూర్చుంటాడు. రెండు మూడు కిలోమీటర్లు. అందులో ఒకటి ట్రాఫిక్ సిగ్నల్‌కే పోతుంది. మిగిలిన కాస్తలో ఖాళీ రోడ్డు దొరకగానే, "గుంజున్రి అన్నా ఒక్కసారి" అంటాడు. గుంజుతాం. చేతులు సాగుతాయి, కడుపులో ఏదో జారుతుంది, ముఖం మీద నవ్వు వస్తుంది. ఆ నవ్వే వాళ్ల దగ్గరున్న అసలు సరుకు. డ్యూక్ 390 కానీ, ట్రయంఫ్ స్పీడ్ 400 కానీ, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 కానీ, నిలబడ్డ చోటు నుంచి 60 అందుకోవడానికి మూడు సెకన్లు అటూ ఇటూ. ఆ మూడు సెకన్లలో మూడూ గొప్ప బండ్లే. తేడాలన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి.

డ్యూక్‌నూ స్పీడ్‌నూ కరీంనగర్‌లో షోరూమ్‌ల నుంచే నడిపాను. ఇంటర్‌సెప్టర్ ఆదిలాబాద్‌లో నాతో పనిచేసే ఒకాయనది. ఒక ఆదివారం పొద్దంతా తీసుకొమ్మని తాళాలిచ్చాడు. మూడింటినీ ఒకే పరీక్షకు పెట్టాను. నాలుగో గేరులో 40 మీద పోతూ, గేరు మార్చకుండా, థ్రాటిల్ నెమ్మదిగా తెరవడం. షోరూమ్‌లో ఎవరూ అడగని పరీక్ష ఇది. మన రోడ్ల మీద మాత్రం రోజుకు వందసార్లు చేయాల్సింది ఇదే.

పవర్‌కూ టార్క్‌కూ తేడా బావి దగ్గర బాగా అర్థమవుతుంది. ఎంత బరువైన చేదను కదిలించగలవన్నది టార్క్. ఆ చేద ఎంత తొందరగా పైకి వస్తుందన్నది పవర్. స్పీడ్ 400 తన 40 పీఎస్ ఇచ్చేది ఇంజన్ నిమిషానికి 8000 సార్లు తిరిగినప్పుడు. డ్యూక్ తన 46 ఇచ్చేది 8500 దగ్గర. ఆరో గేరులో 60 మీద పోతున్నప్పుడు ఇంజన్ అందులో సగం కూడా తిరగదు. అంటే బ్రోచర్ మీద పెద్దక్షరాల్లో ఉన్న అంకె, నేను రోజూ నడిపే వేగం దగ్గర ఉండనే ఉండదు. ఇంటర్‌సెప్టర్ సంగతి వేరు. 648 సీసీ, రెండు సిలిండర్లు, 52 న్యూటన్ మీటర్ల టార్క్, అదీ 5000 దాటగానే. నాలుగో గేరులో 40 మీద దానికి అడిగినట్టే ఉండదు. వెనక నుంచి ఎవరో అరచెయ్యి పెట్టి నెట్టినట్టు పోతుంది. డ్యూక్ దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. గేరు దించు, ఇంజన్‌ను పైకి తీసుకపో, అప్పుడు చూపిస్త అంటుంది. చూపిస్తుంది కూడా. స్పీడ్ 400 ఈ రెండింటి నడుమ, కొంచెం ఇంటర్‌సెప్టర్ దిక్కు ఒరిగి ఉంటుంది.

ఇంత బలం ఎందుకని అడిగితే బైక్ నడిపేవాళ్లమంతా చెప్పే జవాబు ఒకటే: ఓవర్‌టేక్. అది ఉత్త సాకు కాదు, లెక్కకు నిలబడుతుంది. జగిత్యాల రోడ్డు మీద 40తో పోతున్న లారీ ఉందనుకుందాం. దాని పొడవు, ముందూ వెనకా వదలాల్సిన జాగా కలిపి 40 మీటర్లు. నేను 60 మీద దాటితే ఏడు సెకన్ల పైన పడుతుంది, 120 మీటర్ల రోడ్డు ఖర్చవుతుంది. 80 మీద దాటితే మూడున్నర సెకన్లు, 80 మీటర్లు. ఎదురుగా 60తో బస్సు వస్తుంటే, మొదటి లెక్కకు 240 మీటర్ల ఖాళీ ఉండాలి, రెండో లెక్కకు 140 చాలు. ఎదురు వరసలో ఉండే ప్రతి సెకనూ అప్పే. బలమున్న బండి ఆ అప్పును తొందరగా తీరుస్తుంది.

ఇదే లెక్కను తిరగేసి చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. 240 మీటర్లు కావాల్సినవాడు 200 మాత్రమే కనబడితే ఆగుతాడు. 140 చాలనుకునేవాడు 150 కనబడితే చాలు, దూరతాడు. బండి మిగిల్చిన 100 మీటర్లను మనం భద్రత ఖాతాలో వేయం, తొందర ఖాతాలో వేస్తాం. పైగా 60 నుంచి 80కి పోతే బ్రేకు అణచాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటి, రెండింతలకు దగ్గరవుతుంది. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. చక్రం పట్టేసి జారకుండా అది కాపాడుతుంది. ఏబీఎస్ ఉందని మేక ఆగదు.

మా దిక్కు ఊళ్ల మూలమలుపుల దగ్గర శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు ఉంటాయి. ఇరవై, ఇరవై రెండేళ్ల పిలగాడు, నల్ల కళ్లద్దాలు, చాలాసార్లు తన బండి మీదే కూర్చుని దిగిన ఫొటో. ఇంట్లోవాళ్లు వెతికితే అంతకంటే మంచి ఫొటో దొరకలేదన్నమాట. ఆ బండి తెచ్చినరోజు దిగిందే అయ్యుంటుంది. కింద దోస్తుల పేర్లు, వరసగా చిన్న చిన్న ముఖాలు. నేను బండి మాట ఎత్తినప్పుడు అమ్మ వద్దనలేదు. "బస్సుల వచ్చేటప్పుడు కిటికీలకెళ్లి సూసుకుంట రా" అన్నది, అంతే. ఆ వారం ఉట్నూరు దారిన వస్తూ చూశాను. ఎన్ని కనబడ్డాయో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

చట్టం కూడా ఇంచుమించు అమ్మ పక్షమే. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్ల మీద మోటార్ సైకిల్ గరిష్ఠ వేగం 80, మామూలు రోడ్ల మీద 60. అంటే నేను పైన వేసిన 80 లెక్క జగిత్యాల రోడ్డు మీద చెల్లదు. పన్ను సంగతి సరేసరి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 దాటిన వాటి మీద అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 శాతమైంది. కొన్ని కంపెనీలు కొన్నాళ్లు ఆ భారాన్ని తామే మోస్తామన్నాయి. ఎవరు మోసినా ప్రభుత్వం గీసిన గీత తెలుస్తూనే ఉంది: 350 దాకా అవసరం, దాటితే విలాసం.

విలాసమే. నేను కాదనను. మా ఇంట్లో బాపు టీవీఎస్ ఎక్సెల్ ఎవరొక్కరిదీ కాదు. దాని మీద అమ్మ, నేను, చెల్లె, బియ్యం సంచి, ఒకసారి సీలింగ్ ఫ్యాను కూడా వచ్చాయి. మంచమైనా, ఫోనైనా, ఇంట్లో ప్రతి వస్తువూ అందరిదీ. నలభై హార్స్‌పవర్ల బండి మాత్రం నేను కేవలం నాకోసం కోరుకున్న మొదటి వస్తువు. ఆదిలాబాద్ చలికాలపు పొద్దున, మంచు ఇంకా విడవకముందు, ఇంద్రవెల్లి దాటాక మలుపుల్లో బండిని వంచుతూ పోవాలన్న కోరికకు ఓవర్‌టేక్ లెక్కలతో పనిలేదు. అది చెప్పడానికి సిగ్గుపడి మనం సేఫ్టీ గురించి మాట్లాడతాం.

అయితే ఆ ఒక్కడి బండికి కూడా వెనక ఒక సీటు ఉంటుంది. అది ఎవరికన్నది కొనేముందే తేల్చుకోవాలి. రెండోసారి షోరూమ్‌లకు పోయినప్పుడు అమ్మను తీసుకపోయాను. డ్యూక్ వెనకసీటు చూసి, "పిట్ట కూసుండేంత జాగ లేదు గదరా. ఎవలు కూసుంటరు దీని మీద?" అన్నది. సేల్స్ తమ్ముడు నవ్వాపుకుని, "స్పోర్ట్స్ బండి కదమ్మా, గట్లనే ఉంటది" అన్నాడు. ఇంటర్‌సెప్టర్ సీటు ఆమెకు నచ్చింది, బల్లలాగా సాపుగా ఉంటుంది. కానీ అది 200 కిలోల పైన బరువు. ఆ ఆదివారం దాన్ని అద్దె ఇంటి ముందున్న ర్యాంపు మీదికి వెనక్కి నెట్టేసరికి నడుము పట్టేసింది. కరీంనగర్ ఇంటి ర్యాంపు ఇంకా నిటారు. స్పీడ్ 400 బరువు 176 కిలోలు, సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు. అమ్మ నా భుజం పట్టుకుని, ఒక పక్కకు ఎక్కి కూర్చోగలిగింది. మానేరు మీద తీగల వంతెన దాకా పోయి వచ్చాం. నాలుగో గేరు, 40. థ్రాటిల్ ఎంత మెల్లగా తెరవాలో ఆ రోజు కొలత దొరికింది. నా భుజం మీద వేళ్లు బిగుసుకుంటే ఎక్కువైనట్టు, వదులుగా ఉంటే సరిపోయినట్టు. ఏ రివ్యూలోనూ లేని మీటరు అది.

స్పీడ్ 400 బుక్ చేశాను. కొసరుగా హెల్మెట్ల బేరం. అమ్మ కొప్పు హెల్మెట్‌లో పట్టక, జడ కిందికి వేసుకుంటే తప్ప ఏదీ దిగలేదు. డెలివరీకి ముందురోజు షోరూమ్ నుంచి ఫోన్: "అన్నా, సారీ గార్డ్ ఉంచాల్నా, తియ్యాల్నా? చానమంది తీపిచ్చుకుంటరు, లుక్ వస్తది." వెనక కూర్చున్న మనిషి బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికి తగ్గకుండా రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. అందుకే ప్రతి బండికీ కంపెనీ దాన్ని బిగించి పంపుతుంది. బండి ఇంటికి రాగానే మొదట ఊడేదీ అదే. ఒంటిమీద తొడుగే లేదని గొప్ప చెప్పుకునే బండికి చీర కోసం కట్టిన ఆ ఇనుప ఊచలు కంటికి ఆనవు, నిజమే. ఉంచమన్నాను.

ఇప్పటికి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాను. అందులో అమ్మ ఎక్కినవి మూడొందలు కూడా ఉండవు. మిగతావన్నీ నావే. అడవి దారిలో 60 దాటిన క్షణాలు ఉన్నాయి, వాటిని లెక్కపెట్టే యంత్రం బండిలో లేదు. కొనబోయే వాళ్లెవరైనా నన్నడిగితే అంకెలు చెప్పను. టెస్ట్ రైడ్‌కు ఒక్కడివే పోకు, నీ వెనక కూర్చునే మనిషిని ఎక్కించుకుని పో, నాలుగో గేరులో 40 మీద నడుపు అంటాను. ఆ మనిషి వేళ్లు ఏమంటున్నాయో విను.