గాలి పట్టిన మోటారు

మొన్న శనివారం మా గ్యారేజీలో ఒక మోటారు గాలి పట్టింది. దాన్ని దారికి తెచ్చింది నేను. మోటారు చిన్నదే. దాని వల్ల ఇంట్లో మొదలైన మాటే పెద్దది.

మా ఆయనకి ఇంట్లో బీరు కాచే పిచ్చి పట్టి రెండేళ్లయింది. మేముండేది అమెరికాలో. ఇక్కడ ఇది తప్పు కాదు. 1978లో చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు, అమ్మకూడదు అంతే. మన దగ్గర చేస్తే ఎక్సైజు వాళ్లు తలుపు కొడతారు.

అయినా ఈ రెండేళ్లూ ఆయన కాచే రోజున నేను గ్యారేజీ గడప తొక్కలేదు. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ల సారా పోరు సాగుతున్నప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ గాలి మా ఊరికీ వీచింది. మా అమ్మ చీపురు పట్టుకుని పాకెట్లమ్మే వాడి బంకు ముందు కూర్చుంది. లోపల కూర్చుని తాగుతున్న వాళ్లలో మా నాయన కూడా ఉన్నాడు. మరుసటేడు రాష్ట్రమంతా సారా ఆగింది. మా నాయన ఆగలేదు. ఇంతకంటే రాయలేను.

అందుకే గ్యారేజీ నుంచి రాగి మాల్టు లాంటి కమ్మటి వాసన వస్తున్నా నేను వంటింటి కిటికీ వేసుకునేదాన్ని. పంపు సంగతి వచ్చేసరికి మాత్రం కలగజేసుకోక తప్పలేదు.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేణ్నీళ్లలో నానబెట్టి, ఆ తీపి నీళ్లు వడకట్టి, హాప్స్ అనే చేదు పువ్వుల గుళికలేసి గంటసేపు మరిగిస్తారు. దించేసరికి అడుగున పచ్చటి మడ్డి. అది పోవాలంటే గిన్నెలో సుడి తిప్పాలి. టీ గ్లాసులో స్పూను తిప్పి వదిలేస్తే పొడంతా అడుగున మధ్యకి చేరుతుంది చూడండి, అదే. మడ్డి మధ్యలో పుట్టలా కూర్చుంటే, పక్కనున్న కుళాయి నుంచి తేటది దిగుతుంది. మనం బియ్యం గాలించినట్టే, ఇదీ ఒక గాలింపే.

ఆయన ఇరవై లీటర్ల మరిగే నీళ్లని పొడుగు గరిటెతో తిప్పుతూ పోయిన నెల మణికట్టు కాల్చుకున్నారు. మందు రాస్తూ, “పంపు కొనుక్కోండి. చెయ్యి కంటే పంపు ఎక్కువ కాదు” అన్నాను. ఆ మాటకి ఆయన నావైపు కాసేపు అలాగే చూశారు.

ఇద్దరం కూర్చుని చూశాం. అయస్కాంతంతో తిరిగే రకం ఎంచుకున్నాం. అందులో మోటారు ఇరుసు నీళ్ల గదిలోకి పోదు, కాబట్టి కారడానికి సీలు ఉండదు. బయటకెళ్లే దారి కొంచెం మూసినా మోటారు పాడవదు, ధార తగ్గుతుంది అంతే. తల ప్లాస్టిక్కుదీ ఉంది, స్టీలుదీ ఉంది. స్టీలుదే తీసుకోమన్నాను. వేడిలో మరలు బిగించీ విప్పీ చేసేదానికి ప్లాస్టిక్కు ఎన్నాళ్లు ఆగుతుంది? గొట్టాలు మరుగు వేడికి ఆగే సిలికాన్‌వి. తడి చోటు కాబట్టి, కరెంటు లీకైతే తనంతట తనే ఆగిపోయే ప్లగ్గులోనే పెట్టాలని షరతు పెట్టాను.

శనివారం ఆయన ఉత్సాహంగా బిగించి, నేరుగా మరిగే దాంతోనే మొదలుపెట్టారు. గుయ్యిమని మోత తప్ప చుక్క కదల్లేదు. “ఒకసారి రావా” అని పిలిచారు. వెళ్లాను.

చూడగానే నవ్వొచ్చింది. గిన్నెతో సమానంగా బల్ల మీద పంపు, పక్కకి తిరిగిన మూతి, కుళాయి తీసుకునే వైపు. మా నాయన చేలో మోటారు గాలి పడితే ఇదే మోత. పైన బిరడా తీసి, బిందెతో నీళ్లు పోసి, బుడగలు ఆగేదాకా చూసి అప్పుడు స్విచ్చి వెయ్యమనేవాడు. బిందె మోసింది నేనే.

“ముందు ఆపండి. ఎండు తిరుగుడు తిరిగితే పాడవుతుంది. ఈసారికి గరిటే గతి, నెమ్మదిగా తిప్పండి. రేపు చన్నీళ్లతో చూద్దాం” అన్నాను.

ఆదివారం పంపుని గిన్నె కంటే బాగా కిందకి, నేల మీద పీట మీదికి దించాం. ఇది తనంతట తాను పీల్చుకునే రకం కాదు, నీళ్లే వచ్చి దాన్ని నింపాలి. తల తిప్పి, వచ్చే దారి కిందకీ పోయే దారి పైకీ పెట్టాం, గాలి పైకి పోవాలి కదా. కుళాయిని తీసి పోయే వైపుకి మార్చాం. వచ్చే వైపు బిగిస్తే మరుగుతున్న ద్రవం లోపలే ఆవిరై మళ్లీ గాలి పట్టినట్టే అవుతుంది. గొట్టం చివర బకెట్లోకి వదిలి, బుడగలు ఆగాక, గిన్నె గోడకి ఏటవాలుగా ఉన్న మూతికి తగిలించి అప్పుడు స్విచ్చి వేశాం. నీళ్లు గిర్రున తిరిగాయి. గుప్పెడు టీపొడి వేశాను. మధ్యకి పుట్టలా చేరింది.

“ఎవరు నేర్పారు నీకు?” అన్నారు.

“మా నాయన” అన్నాను. ఆయన పేరు చెప్పుకుని గర్వపడి ఎన్నేళ్లయిందో.

ఆ రాత్రి అమ్మకి ఫోన్లో అంతా చెప్పేశాను. రెండేళ్లుగా దాచిన మాట. కాసేపు పలకలేదు.

“అల్లుడు ఎంత తాగతాడు మే?”

“వారానికి ఒక గ్లాసమ్మా, రెండు. మిగతాది స్నేహితులకి పంచుతారు.”

“మీ నాయన కూడా ఒక గ్లాసనే మొదలుపెట్టినాడు.”

నాకు జవాబు రాలేదు. ఆ మాట అలాగే ఆయనకి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన గ్యారేజీలోకెళ్లి, ఏ తేదీన ఎంత కాచారో రాసుకునే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. “తాగింది కూడా ఇందులోనే రాస్తాను. నువ్వు చూడు. ఎక్కువనిపించిన రోజున చెప్పు, ఆపేస్తాను” అన్నారు.

మా పాప పదిహేనేళ్లది. పక్కనే కూర్చుని అంతా వింది. వినాలనే నేను లోపలికి పొమ్మనలేదు.

ఆ పుస్తకం ఇప్పుడు వంటింట్లో పోపులపెట్టె పక్కన ఉంటోంది. వచ్చే శనివారం మళ్లీ కాస్తారట. పంపు దగ్గర నేనుంటాను. కిటికీ తెరిచే ఉంచుతాను.