వెన్నుదన్ను లేని నేల

తొర్రూరు బస్టాండులో నిలబడితే నాలుగు దిక్కులకూ బస్సులు దొరుకుతాయి. ఒకవైపు రాయపర్తి, వర్ధన్నపేట మీదుగా వరంగల్. మరోవైపు మరిపెడ దాటి ఖమ్మం. పడమటికి పాలకుర్తి, జనగామ. తూర్పుకి నెల్లికుదురు మీదుగా మహబూబాబాద్... పాతవాళ్ల నోట మానుకోట. దొరకనిదల్లా రైలే. అది కావాలంటే జనగామకో మానుకోటకో పోవాల్సిందే. అలా రెండు రైలు మార్గాల నడుమ ఉన్న ఈ నేల భవిష్యత్తు గురించి ఒకప్పుడు క్రెమ్లిన్‌లో చర్చ జరిగింది. మాట్లాడింది సాక్షాత్తూ స్టాలిన్!

ఆ కథ తెలియాలంటే ముందు పడమటి బస్సెక్కాలి.

పాలకుర్తి అనగానే చాలామందికి పాల్కురికి సోమనాథుడు గుర్తొస్తాడు. పక్కనే పోతన ఊరు బమ్మెర. వాళ్లతో సమానంగా ఇక్కడ వినిపించే మరో పేరు చిట్యాల ఐలమ్మ. పుట్టింది రాయపర్తి మండలం క్రిష్ణాపురం. మెట్టింది పాలకుర్తి. చాకలి కులంలో పుట్టిన మనిషి నాలుగెకరాలు కౌలుకు తీసుకుని సేద్యం చేయడమే విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కంటగింపైంది. ఆయనేం చిన్న దొర కాదు. అరవై గ్రామాల మీద పెత్తనం, నలభై వేల ఎకరాల భూమి ఉండేవని చరిత్రకారులు రాశారు. ఐలమ్మ పండించిన పంటను గడికి తరలించాలని మనుషుల్ని పంపాడు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు, అంటే ఊరి మాటలో ‘సంఘపోళ్లు’, అడ్డం నిలబడ్డారు. పంట కోసి ఆమె ఇంటికే చేర్చారు.

అక్కణ్నుంచి కడవెండి ఎంతో దూరం లేదు. 1946 జులై 4న దొర మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగింది అక్కడే. వెట్టిచాకిరీ వద్దన్న గొడవ ఆ రోజు నుంచి సాయుధ పోరాటంగా మారింది. కర్రలు, వడిసెలలతో మొదలైన దళాల చేతికి తుపాకులొచ్చాయి. పోరాటం ఉచ్ఛదశలో మూడు వేల గ్రామాలు సంఘం ఏలుబడిలోకి వచ్చాయని, పది లక్షల ఎకరాలు పంచామని దానికి నాయకత్వం వహించిన పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. నాలుగు వేల మంది ప్రాణాలు పోయాయన్నదీ ఆయన లెక్కే.

రష్యా దారా... చైనా దారా?

1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ వదిలింది. మరి తుపాకులు దించాలా, వద్దా? రావి నారాయణరెడ్డి లాంటి నాయకులు ఇక చాలన్నారు. పార్టీ వద్దంది. నిన్నటిదాకా నిజాం మీద గురిపెట్టిన దళాలు ఇప్పుడు నెహ్రూ సైన్యానికి ఎదురు నిలవాల్సి వచ్చింది. మైదానాల్లో నిలదొక్కుకోలేక చాలా దళాలు మానుకోట దాటి గోదావరి అడవుల బాట పట్టాయి.

అప్పుడే పార్టీలో పెద్ద తగువు. ప్రధాన కార్యదర్శి రణదివేది రష్యా దారి. 1917లో మాదిరిగా పట్టణ కార్మికులు సమ్మెకు దిగాలి, తిరగబడాలి. ఆ నమ్మకంతోనే 1949 మార్చి 9న దేశవ్యాప్త రైల్వే సమ్మెకు పిలుపిచ్చారు. అది పారలేదు. రైళ్లు ఎప్పట్లాగే నడిచాయి. ఆంధ్ర నాయకులది చైనా దారి. మనదీ రైతుల దేశమే కాబట్టి మావోలాగా పల్లెల్ని గెలిచి పట్టణాల్ని చుట్టుముట్టాలన్నారు. అదే ఏడాది అక్టోబరు 1న చైనాలో మావో గెలవడంతో ఆ వాదనకు బలమొచ్చింది. 1950లో రణదివే పోయి చండ్ర రాజేశ్వరరావు వచ్చారు. అయినా తగువు తెగలేదు. సరే, పెద్దమనిషినే అడుగుదామనుకున్నారు.

రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే... నలుగురూ రహస్యంగా మాస్కో చేరారు. సోవియట్ ఓడలో కూలీల వేషంలో వెళ్లారని మోహిత్ సేన్ తన ఆత్మకథలో రాశారు. 1951 ఫిబ్రవరి 9న స్టాలిన్‌తో సమావేశం. పక్కన మాలెంకోవ్, మొలొటోవ్, సుస్లోవ్. సోవియట్ యూనియన్ కూలిపోయిన తర్వాతే ఆ సంభాషణ నకలు బయటికొచ్చింది.

స్టాలిన్ చెప్పిందాన్లో సిద్ధాంతం కన్నా భూగోళం పాలే ఎక్కువ. చైనా సేనలు మంచూరియా చేరేసరికి వాటి వెనక సోవియట్ దేశం ఉంది. కుర్చీలో వెనక్కి ఒరిగిన మనిషికి దొరికే ఆసరా లాంటిదది. మరి మీ వెనక ఎవరున్నారు? అఫ్ఘానిస్థాన్, ఇరాన్, టిబెట్... అక్కడ ఆదుకునేవాళ్లెవరు? పైగా మీ దేశంలో రైలు మార్గాలెక్కువ. మీరు విముక్తి చేసే ప్రాంతాలన్నీ చిన్న చిన్న ద్వీపాలుగా మిగిలిపోతాయి, సైన్యం ఇట్టే చుట్టుముడుతుంది. ఇదీ ఆయన వాదన సారాంశం.

తొర్రూరు పటం ముందేసుకుంటే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. కాజీపేట నుంచి ఒక రైలు మార్గం జనగామ మీదుగా సికింద్రాబాద్‌కు వెళ్తుంది. మరొకటి మానుకోట, డోర్నకల్ మీదుగా బెజవాడకు. నిజాం హయాంలో, 1889 నాటికే వేసిన దారులివి. పటాలాలు దిగడానికి అంతకన్నా ఏం కావాలి?

అయితే స్టాలిన్ ప్రస్తావించని వెన్నుదన్ను ఒకటి తెలంగాణ దళాలకు కొన్నాళ్లు ఉండేది. అది రష్యా కాదు, చైనా కాదు... పక్కనున్న కృష్ణా జిల్లా! నిజాం పోలీసులు తరిమితే సరిహద్దు దాటి తలదాచుకునేవారు. ఆయుధాలు, డబ్బు, శిక్షణ అటునుంచే వచ్చేవి. 1948 నుంచి మద్రాసు ప్రభుత్వం మలబారు పోలీసులను దించి కమ్యూనిస్టుల్ని వేటాడటంతో ఆ తలుపు మూసుకుపోయింది. అంటే మాస్కోలో చర్చ జరిగేనాటికే ఇక్కడ కుర్చీ వెన్ను విరిగి రెండేళ్లు దాటింది.

ఎవరి అవసరం వారిది

స్టాలిన్ చెప్పింది నిజమే కావొచ్చు. కానీ ఆయన అవసరాలు ఆయనకుంటాయిగా! అప్పటికి కొరియాలో యుద్ధం నడుస్తోంది. 1951 ఫిబ్రవరి 1న చైనాను దురాక్రమణదారుగా ముద్ర వేసే తీర్మానం ఐక్యరాజ్యసమితి ముందుకొస్తే, సోవియట్ కూటమితో పాటు దాన్ని వ్యతిరేకించిన దేశాలు రెండే. ఒకటి బర్మా, రెండోది భారత్. ఎనిమిది రోజులకే ఈ సమావేశం. మాస్కోలో మన రాయబారి అప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్‌ఛాన్సలర్‌గా మనవాళ్లకు చిరపరిచితుడైన సర్వేపల్లి రాధాకృష్ణన్. అంతకుముందు ఏడాదే ఆయన స్టాలిన్‌ను కలిశారు. మిత్రుడవుతున్న దేశంలో మారుమూల పల్లెల తిరుగుబాటును మోయాల్సిన పని మాస్కోకు ఏముంది?

అలాగని పోరాటాన్ని స్టాలినే ఆపించాడనడమూ సరికాదు. అడవుల్లో దళాలు చిక్కిపోయాయి. జైళ్లు నిండిపోయాయి. పల్లెల్లో జనం అలసిపోయారు. జాగీర్దారీ రద్దయింది, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఆపాలన్న మాట ఇక్కడా బలంగానే ఉంది. మాస్కో మాట దానికి ముద్ర వేసింది. 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది. నెలలు తిరక్కుండానే వచ్చిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు.

పోరాటం ఆగాక మాస్కో మనకు మరో రూపంలో చేరింది. హైదరాబాద్ బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ, విశాఖలో ఉక్కు కర్మాగారం... రెండింటికీ సోవియట్ సాయం ఉంది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి తర్వాత డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ కంపెనీ మందులు రష్యాకు వెళ్తున్నాయి.

స్టాలిన్ 1953లో పోయాడు. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10 దాకా బతికింది. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. పాలకుర్తిలో ఆమె స్మారక స్థూపం చూసి, కడవెండి వెళ్లి కొమురయ్య స్థూపం కూడా చూడాలనుకుంటే పొద్దున్నే తొర్రూరులో బయల్దేరడం మేలు. సాయంత్రానికి జనగామ చేరి రైలెక్కేయొచ్చు.