కారు దిగితే కనిపించిన నల్లరేగడి

2023 అక్టోబరు మాసములో దేవుని కృపవలన మేమిద్దరము అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునకు వెళ్లివచ్చాము. డాలస్ నగరమునకు ఉత్తరమున ఉన్న ప్లేనో అను ఊరిలో మా తమ్ముడు కుటుంబముతో ఉంటున్నాడు. అక్కడి మేడలను గూర్చి, రోడ్లను గూర్చి చెప్పేవారు చాలామంది ఉన్నారు. మేము చెప్పబోవునది మా అమ్మను గూర్చి, ఒక గడ్డినేలను గూర్చి.

నాన్నగారు ప్రభువునొద్దకు వెళ్లిన తరువాత తమ్ముడు అమ్మను తనతో తీసుకొని వెళ్లాడు. ఆమె పల్నాడు పత్తిచేలలో బ్రతుకంతా నడిచిన మనిషి. అక్కడికి వెళ్లినది మొదలు ఫోనులో ఒక్కటే మాట. “ఇక్కడ కాళ్లున్నా లేనట్టేరా అబ్బాయ్. కారుంటేనే మనిషి.” తమ్ముడు, మరదలు ఉద్యోగములకు, పిల్లలు బడికి వెళితే సాయంత్రము వరకు ఆమెకు కిటికీయే తోడు. అన్నము సరిగా తినడములేదని, రాత్రులు ఏడుస్తున్నదని తమ్ముడు చెప్పినందుననే మేము బయలుదేరాము.

నిజము చెప్పవలెనంటే, పెద్దతనపు బెంగ అనుకున్నాము. రెండవ దినమున పాలు తెద్దామని మేమే నడిచి వెళ్లాము. అరగంట నడిచినా దుకాణము రాలేదు. ఒకచోట కాలిబాటే ఆగిపోయింది. ఎదుట ఆరు వరుసలలో కార్లు. దాటే ధైర్యము లేక వట్టి చేతులతో వెనుదిరిగాము. డాలస్ ప్రాంతములో 1996 నుండి రైళ్లు నడుస్తున్నవి గాని, స్టేషను చేరుటకే మాకు కారు కావలసివచ్చినది. అమ్మ మాట అప్పుడు అర్థమైనది.

తిరిగి వస్తూ ఉండగా ఇద్దరు పిల్లలు సైకిళ్లతో ఇండ్ల వెనుకకు మలుపు తిరగడము చూశాము. వెంట వెళితే ఒక చిన్న వాగు, దాని గట్టున బాట, ఇరువైపుల చెట్లు! తమ్ముడు ఆ ఇంటిలో తొమ్మిది సంవత్సరములుగా ఉన్నా ఆ బాటను ఎరుగడు. గ్యారేజిలో కారెక్కి ఆఫీసులో దిగేవానికి ఎట్లు తెలియును? మరునాటినుండి అమ్మను రోజూ అక్కడికి నడిపించాము.

ఆ శనివారము అందరము ఆర్బర్ హిల్స్ అనే చోటికి వెళ్లాము. ప్లేనో ఊరిలోనే సుమారు 200 ఎకరముల అడవి, గడ్డినేల. నడుచుటకైనా కారులోనే వెళ్లవలసివచ్చినదని తమ్ముడు నవ్వాడు. ఎర్రబారిన పొడవాటి గడ్డి గాలికి వరిచేనువలె ఊగుతున్నది. ఈ గడ్డి వేళ్లు మనిషి నిలువు లోతుకు దిగునట. ఈ ప్రాంతమంతటిని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు గడ్డిని దున్ని పత్తి వేశారు, తరువాత ఇండ్లు కట్టారు. ఇప్పుడు తొలినాటి గడ్డినేల నూటికి ఒక వంతు కూడ మిగలలేదు.

అమ్మ వంగి నెర్రె విచ్చినచోట చిటికెడు మట్టి తీసి వేళ్లతో నలిపింది. “ఒరే, ఇది మన రేగడేరా!” అన్నది. నిజమే, అది నల్లరేగడియే. వేసవిలో నేల కుంచించి ఇంటి పునాది పగులకుండ తమ్ముడు గోడల చుట్టూ నీటి పైపు పరచును. ఈ ఊరి మట్టి మంచిది కాదని అతని ఫిర్యాదు. “వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. దాని గుణమే అది. మంచిది కాకపోతే పత్తి ఎట్లా పండిందిరా?” అని అమ్మ నవ్వింది. ఆ ఇంటిలో ఆమె నవ్వగా తాను వినడము అదే మొదలని మరదలు మాతో చెప్పినది.

మరొక దినము డాలస్‌లోని వైట్ రాక్ చెరువుకు వెళ్లాము. 1911లో త్రాగునీటికొరకు ఆనకట్ట కట్టిన చెరువు అది. వెయ్యి ఎకరములకు పైగా నీరు, చుట్టూ సుమారు 15 కిలోమీటర్ల బాట. శీతాకాలము గడుపుటకు తెల్లని గూడబాతులు అక్కడికి వచ్చును. అవి మునగవు, గుంపుగా ఈదుచు చేపలను ఒకచోటికి తోలి, సంచివంటి ముక్కులతో ముంచుకొనును.

అవి చూచుచుండగా మాకు సిగ్గు కలిగింది. మేము పరిచర్య చేయు ఊరినుండి కొల్లేటి ఒడ్డునున్న ఆటపాక ముప్పై కిలోమీటర్లు కూడ లేదు. అక్కడ గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచునని అందరికి తెలుసు. పదకొండు సంవత్సరములలో ఒక్కసారియైనా వెళ్లలేదు. ఆకాశపక్షులను చూడుమని ప్రభువు చెప్పినదానిపై ఎన్నో ప్రసంగములు చేశాము. ఆగి చూచినది ఎన్నడు? మా మోటారు సైకిలు కూడ తమ్ముని కారు వంటిదే.

నడకవలన అమ్మ ఊరిని మరచిపోలేదు. 2024 జనవరిలో తిరిగి వచ్చేసినది. కాని ఆ చివరి మూడు మాసములు అన్నము తిన్నది, నిద్రపోయినది. తమ్ముడు ఇప్పటికిని ఆదివారము సాయంత్రము పిల్లలతో ఆ వాగు గట్టున నడిచి, అక్కడినుండే అమ్మకు ఫోను చేయుచున్నాడు.

మేమును ఆటపాక వెళ్లివచ్చాము, అమ్మను వెంటబెట్టుకొని. మీ ఊరి చెరువుగట్టు మీ ఇంటికి ఎంత దూరము? ఈ వారము బండి ఇంటివద్దనే ఉంచి, పెద్దవారి చేయి పట్టుకొని అక్కడిదాకా నడిచి చూడండి.