సుంకి కనుమలో కొత్త బండి

జయపురంలో స్థిరపడిన మా కుటుంబానికి బంధువుల ఇంట పెళ్ళికైనా పేరంటానికైనా సాలూరు దారే గతి. కోరాపుట్, పొట్టంగి దాటగానే సుంకి కనుమ. మా నాన్నగారి పాత మహీంద్రా జీపు ఆ మలుపులన్నీ ఎరిగినది. తారురోడ్డుమీద వెనకచక్రాలే లాగేవి. బురద తగిలితే రెండో గేరుకర్ర వేసేవారు, ముందుచక్రాలూ బలం అందుకొని బండి గట్టెక్కేది.

మొన్నటి శ్రావణంలో, మంచులో ఎదురైన లారీని తప్పించబోయి కొండగట్టుకు కొట్టాము. మా ఇద్దరికీ గీతలతో పోయింది గాని, జీపు చట్రమే వంగింది. మేస్త్రీ, "నిలబెట్టగలను బాబుగారూ, కనుమకు మాత్రం తీసుకుపోకండి" అన్నాడు. అయినా దాన్ని వదలడానికి నాకు మనసొప్పలేదు. నాన్నగారే తేల్చారు: "వెనకబల్లలకు పట్టీలు లేవురా. ఆనాడు పిల్లలు లేరు గనుక సరిపోయింది."

థార్ కొన్నాము. దీనికీ రెండో కర్ర ఉంది. వెనకసీటుకు పట్టీలు, ముందు గాలిసంచులు అదనం. దసరాకు సాలూరు వెళుతూ ఆ మలుపు దగ్గర నాన్నగారు బండి ఆపించి కొబ్బరికాయ కొట్టారు. మళ్ళీ ఎక్కేముందు పిల్లల పట్టీలు తామే లాగి చూసి, "ఇక పోనీ" అన్నారు.