భోజనాల లెక్క

సినిమాకి బీమా అనగానే నిర్మాతలు ముందు అడిగేది క్యాస్ట్ పాలసీ గురించి. ప్రొడక్షన్‌లో చేరిన కొత్తలో అది హీరో బాగు కోసం చేయించేదే అనుకునేవాణ్ణి. కాగితాలు చదివాక తెలిసింది, డబ్బు వచ్చేది నిర్మాతకి. హీరో కాలు విరిగితే ఆ పాలసీ వెలకట్టేది కాలికి కాదు, ఆగిపోయిన రోజులకి: సెట్టు అద్దె, యూనిట్ బేటాలు, మళ్ళీ దొరకని కాల్‌షీట్లు. అందులో ఎవరి పేరుండాలో తేల్చడానికి ఒకటే కొలత. ఈ మనిషి రేపు రాకపోతే షూటింగ్ ఆగుతుందా?

ఈ కొలత తప్పని అనను. 2004 ఏప్రిల్‌లో సౌందర్య విమాన ప్రమాదంలో పోయినప్పుడు, బాలకృష్ణ దర్శకత్వంలో మొదలైన ‘నర్తనశాల’ ద్రౌపది లేక ఆగిపోయింది. తీసిన కాస్త భాగం జనం ముందుకు రావడానికి 2020 దాకా పట్టింది. 1993లో దివ్యభారతి చనిపోతే ‘తొలిముద్దు’లో మిగిలిన సీన్లు రంభతో గట్టెక్కించారు. బీమా లెక్కలో ఇవి రెండు రకాల నష్టాలు. మొదటిది పెట్టిన ఖర్చంతా వదులుకోవడం, రెండోది పైఖర్చు పెట్టి పూర్తిచేయడం. అప్పట్లో మనవాళ్ళకి ఈ పాలసీల ఊసే తక్కువ. దేశంలో బీమా చేయించిన తొలి సినిమాగా చెప్పుకునే సుభాష్ ఘాయ్ ‘తాల్’ వచ్చిందే 1999లో.

ఇప్పుడు అదే కొలత లైట్‌మ్యాన్ పక్కన పెట్టి చూడండి. పొద్దున అతను నిచ్చెన మీంచి పడితే మధ్యాహ్నానికి కృష్ణానగర్ నుంచి ఇంకొకరు వస్తారు. షూటింగ్ ఆగదు. ఆగదు కాబట్టి ఆ పాలసీకి అతను కనపడడు. ‘కూలీ’ షూటింగ్‌లో అమితాబ్‌కి తగిలిన దెబ్బ 1982లో జరిగినా ఇవాళ్టికీ అందరికీ గుర్తే. 1989 ఫిబ్రవరి 8న మైసూరు ప్రీమియర్ స్టూడియోలో ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ సీరియల్ సెట్టు అంటుకుని 62 మంది కాలిపోయారు. ఒళ్ళంతా కాలినా బతికి బయటపడ్డ సంజయ్ ఖాన్ పేరు తప్ప ఆ ప్రమాదానికి సంబంధించి ఇంకో పేరు నాకు తెలీదు.

లైట్‌మ్యాన్‌కి వేరే పాలసీ ఉంది, దాని వెనక 1923 నాటి నష్టపరిహార చట్టం ఉంది. (ఇప్పుడు దాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు.) ఆ చట్టం ప్రకారం ఒకసారి కూర్చుని లెక్కవేశాను. మనిషి పనిలో చనిపోతే నెల వేతనంలో సగం తీసుకుని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తారు. ముప్ఫై ఏళ్ళవాడికి ఆ గుణకం 207.98. వేతనం ఎంతున్నా, 2020 జనవరి నుంచి లెక్కకి తీసుకునేది నెలకి 15,000 వరకే. మొత్తం 15,59,850 రూపాయలు. ఇదైనా వేతనం రుజువైతేనే. రోజుకూలీ చేతికిచ్చి వోచర్ మీద సంతకం పెట్టించుకునే చోట ఆ రుజువు ఎక్కణ్ణుంచి తెస్తారు? రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోకూడదని 1981 నాటి సినీ కార్మికుల చట్టం చెప్పేది. నేను చూసిన సెట్లలో దాని మాటెత్తితే నవ్వారు.

2020 ఫిబ్రవరిలో చెన్నై దగ్గర ‘ఇండియన్ 2’ సెట్లో క్రేన్ కూలి ముగ్గురు చనిపోయారు. ఆ ముగ్గురిలో తెర మీద కనిపించేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ తర్వాత కమల్ హాసన్ నిర్మాణ సంస్థకి లేఖ రాసి యూనిట్ భద్రత గురించి, బీమా గురించి అడిగారు. అంత పెద్ద నటుడు అడిగితే తప్ప ఆ ప్రశ్న నలుగురి నోళ్ళలో నానలేదు.

బీమాలో నాకు నచ్చింది డబ్బు కన్నా ప్రపోజల్ ఫారం. అది మొహమాటం లేకుండా అడుగుతుంది. నీళ్ళలో సీన్లున్నాయా, ఎత్తు నుంచి దూకడాలున్నాయా, మంటలున్నాయా, వాటికి ఏం జాగ్రత్త తీసుకుంటున్నారు? చెప్పాల్సింది దాస్తే క్లెయిమ్ కొట్టేస్తారు కాబట్టి ఆ కాలమ్ నింపేటప్పుడైనా ఒకరు ఆగి ఆలోచిస్తారు. 2016 నవంబర్‌లో కన్నడ సినిమా ‘మాస్తిగుడి’ కోసం ఇద్దరు నటులు హెలికాప్టర్ నుంచి తిప్పగొండనహళ్ళి జలాశయంలోకి దూకి మునిగిపోయారు. వాళ్ళకి లైఫ్ జాకెట్లు లేవు. ఈత అంతంతమాత్రమేనని దూకకముందే విలేకరులకి చెప్పుకున్నారు. విలేకరి అడిగిన ప్రశ్న యూనిట్లో ఎవరైనా అడిగి, జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టాల్సి వచ్చుంటే ఆ షాట్ అలా తీసేవారని నేననుకోను.

ముహూర్తం విషయంలో మా వాళ్ళు నిమిషం కూడా అటూఇటూ కానివ్వరు. ప్రీమియం మాత్రం “వచ్చే వారం చూద్దాంలెండి” అంటారు. ప్రీమియం అందనిదే రిస్కు మొదలవదని 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్. అందువల్ల కొబ్బరికాయ కొట్టే ముందురోజే ఆ డబ్బు వెళ్ళిందా అని నేను చూసుకుంటాను. పంతులుగారికి ఇచ్చే సంభావన కన్నా ముందు.

ఇక మిగిలేది తలల లెక్క. పాలసీలో ఎంతమందిని చూపించాలన్నది ఎప్పుడూ గొడవే. “జనరేటర్ వాళ్ళు మన మనుషులు కాదు సార్, అవుట్‌డోర్ యూనిట్ వాళ్ళు. జూనియర్లు ఏజెంట్ పంపిన వాళ్ళు. ఫైటర్లు మాస్టర్‌గారి మనుషులు,” అని మేనేజర్ ఒక్కొక్కరినీ తీసేస్తూ వస్తాడు. కాంట్రాక్టర్ తెచ్చిన మనిషికి దెబ్బ తగిలినా ముందు జవాబు చెప్పాల్సింది పని చేయించుకునే అసలు యజమానేనని ఆ 1923 నాటి చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. అయినా సెక్షన్లు చెప్పి నేను ఎప్పుడూ నెగ్గలేదు. ప్రొడక్షన్ వాళ్ళ భోజనాల పుస్తకం తెప్పిస్తాను. సెట్లో ఎవరెవరు తిన్నారో, టిఫిన్లెన్ని, మధ్యాహ్నం ఆకులెన్ని అన్నీ అందులో ఉంటాయి. కేటరింగ్ బిల్లు తేడా వస్తే నిర్మాత ఊరుకోడు గనక ఆ లెక్క ఎప్పుడూ తప్పదు. మొన్న ఒక సినిమాకి పాలసీ డ్రాఫ్టులో తొంభై మంది అని వచ్చింది, భోజనాలు నూట నలభై. మేనేజర్ కాసేపు పుస్తకం తిరగేసి, “డ్రైవర్లని కూడా కలపమంటారా?” అన్నాడు. కలపమన్నాను.