కళ్ళతో చూడని పెట్టె

మా సర్వరుని నేనెప్పుడూ చూడలేదు. నేనుండేది లీడ్స్‌లో, అదుండేది ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక డేటా సెంటర్లో. ఇక్కడి తెలుగువాళ్ళం నలుగురం కలిసి అద్దెకు తీసుకున్న పెట్టె అది. పాత పత్రికల స్కాన్లు, పెద్దవాళ్ళ చేత పాడించి దాచుకున్న పాటలు అందులో ఉంటాయి. కిందటి నెల దాని నాలుగు డిస్కుల్లో ఒకటి చదవడంలో తప్పులు చేస్తోందని హెచ్చరిక వచ్చింది. "కంటితో చూడకుండా లోపలేముందో ఎలా చెప్తావయ్యా?" అన్నారు మాస్టారు. కాసెట్ల పాటలన్నీ ఓపిగ్గా ఎక్కించేది ఆయనే.

చెప్పొచ్చు. కాకపోతే ఎవర్ని అడిగితే ఎంతవరకు నమ్మాలో తెలిసుండాలి.

ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్ళి డీఎమ్‌ఐడీకోడ్ అని కొడితే, మదర్‌బోర్డు ఎవరు చేశారు, ఏ స్లాట్లో ఎంత ర్యామ్ ఉంది అన్నీ గడగడా ఒప్పజెబుతుంది. నిజానికి అది చిప్పుల్ని తడిమి చూడదు. తయారుచేసినవాళ్ళు బయోస్‌లో రాసిపెట్టిన పట్టికను చదువుతుంది, అంతే. పెళ్ళిళ్ళ పేరయ్య చేతిలో బయోడేటా లాంటిదన్నమాట. కొన్ని బోర్డుల్లో సీరియల్ నంబరు ఉండాల్సిన చోట "ఇది తయారీదారు నింపాలి" అనే ఇంగ్లీషు ముక్క అలాగే మిగిలిపోయి ఉంటుంది!

ఎల్‌ఎస్‌పీసీఐ కొంచెం నయం. కార్డులు తమ గుర్తింపు సంఖ్య తామే చెబుతాయి. ఇంటెల్ వాళ్ళది 8086. 1978లో వచ్చిన వాళ్ళ ప్రాసెసర్ పేరే అది. ఇలాంటి సరదాలు ఎదురైనప్పుడు పని కాసేపు మర్చిపోతాను.

అసలు చిక్కు డిస్కులతోనే. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని లినక్స్ పెట్టే పేర్లు జనరల్ బోగీలో సీట్ల లాంటివి, రీబూట్ అయితే మారిపోవచ్చు. స్మార్ట్‌సీటీఎల్‌ని అడిగితే మాత్రం డిస్కు తన సీరియల్ నంబరు, వయసు, జబ్బు మూడూ చెప్పేస్తుంది. మాది 41 వేల గంటలు తిరిగింది, అంటే నాలుగేళ్ళ ఎనిమిది నెలలు. పాడైన సెక్టార్ల లెక్క రోజురోజుకీ పెరుగుతోంది.

మాది రెయిడ్ 5. ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది, రెండోది పోతే అంతే సంగతులు. బ్యాకప్ నెలకోసారి. అప్పటికి మాస్టారి మూడు వారాల కాసెట్లు ఇంకా అందులోకి చేరలేదు. డేటా సెంటర్ కుర్రాడికి "మూడో డిస్కు తీయి" అంటే కొంప మునగొచ్చు. కంట్రోలర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, మనిషి ఒకటి నుంచి. పైగా అతను ఎడమ నుంచి ఎంచుతాడో కుడి నుంచో! సీరియల్ నంబరు చెబుదామంటే, ఆ చీటీ డిస్కు ఒంటి మీద ఉంటుంది, బయటికి లాగితే తప్ప కనబడదు.

ఏ డిస్కో చూపించేలా దాని దీపం వెలిగించడానికి లెడ్‌సీటీఎల్ అని ఒక ఆదేశం ఉంది. మా పెట్టెలో అది పనిచెయ్యలేదు. అందుకని ఉపాయం తిరగేశాను. బాగున్న మూడు డిస్కుల నుంచీ ఊరికే చదువుతూ ఉండమని పురమాయించి, ఫోన్లో ఆ కుర్రాణ్ణి ఏ దీపం మిణకడం లేదో చూడమన్నాను. ఎడమ నుంచి రెండోది అన్నాడు. అప్పటికీ నమ్మలేదు. సర్వరుని పూర్తిగా ఆపించాను. ఆపాక పొరపాటున వేరేది లాగినా మళ్ళీ పెట్టెయ్యొచ్చు, నష్టం లేదు. అయితే ఇన్నేళ్ళు ఆగకుండా తిరిగిన డిస్కులు ఒకసారి ఆపితే మళ్ళీ తిరగకపోవచ్చు. ఆ భయమూ ఉంది. రెండు భయాల్లో ఇది చిన్నదనిపించింది.

సర్వరు ఆగినా మదర్‌బోర్డు మీద బీఎమ్‌సీ అనే బుల్లి కంప్యూటర్ మేలుకునే ఉంటుంది. దాని తెర చూస్తూ కూచున్నాను. కుర్రాడు డిస్కు లాగి చివరి నాలుగు అక్షరాలు చదివాడు. నా కాగితంలోవీ అవే. కొత్తది పెట్టించి, బీఎమ్‌సీ నుంచే పవర్ ఆన్ నొక్కాను. మిగిలిన మూడూ తిరిగాయి.

"పాటలున్నాయా?" అని మాస్టారి మెసేజ్ వచ్చేటప్పటికి రీబిల్డ్ రెండు శాతం దగ్గరుంది. "ఉన్నాయండీ, ఇవాళ్టికి కొత్తవేమీ ఎక్కించకండి" అని రాశాను.